డైపోల్ మొత్తం చార్జ్ సున్నా కదా, మరి అయస్కాంత క్షేత్రంలో కదిలితే దాని ఫేజ్ ఎందుకు మారుతుంది?

ఫ్రింజ్‌నీడ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. సెమినార్‌కి హీ-మెక్‌కెల్లర్-విల్కెన్స్ ఫేజ్ తీసుకున్నాను, అంటే అయస్కాంత క్షేత్రంలో కదిలే ఎలక్ట్రిక్ డైపోల్‌కి వచ్చే క్వాంటమ్ ఫేజ్ (తరంగం తన ఎత్తుపల్లాల్లో ఎక్కడుందో చెప్పేది). తీసుకున్నప్పుడు తేలిగ్గా అయిపోతుందనుకున్నా. పది రోజులైంది, ఫార్ములా నోటికి వచ్చేసింది కానీ అది అలా ఎందుకుందో మాత్రం బుర్రకెక్కట్లేదు.

ముందు నాకు అర్థమైనంత చెప్తాను, తప్పుంటే అక్కడే పట్టుకోండి. 1959లో అహరోనోవ్, బోమ్ చెప్పింది నాకు ఇబ్బంది లేదు: ఎలక్ట్రాన్ తరంగం సోలినాయిడ్‌కి (కరెంట్ పోయే తీగ చుట్టకి) అటొక పాయ, ఇటొక పాయగా వెళ్తుంది, దారిలో ఎక్కడా అయస్కాంత క్షేత్రం తగలదు, అయినా వెక్టర్ పొటెన్షియల్ (అయస్కాంత క్షేత్రాన్ని ఇచ్చే గణిత రాశి) వల్ల రెండు పాయల మధ్య ఫేజ్ తేడా వస్తుంది. 1984లో అహరోనోవ్, కాషర్ దాన్ని తిరగేశారు: చార్జ్ లేని న్యూట్రాన్‌కి మాగ్నెటిక్ మొమెంట్ (చిన్న అయస్కాంతంలా ప్రవర్తించే గుణం) ఉంది కాబట్టి, చార్జ్ ఉన్న గీత చుట్టూ తిరిగినా ఫేజ్ వస్తుందని. ఇదీ సరే. తర్వాత 1993లో హీ, మెక్‌కెల్లర్, 1994లో విడిగా విల్కెన్స్, మాగ్నెటిక్ మొమెంట్ బదులు ఎలక్ట్రిక్ డైపోల్, విద్యుత్ క్షేత్రం బదులు అయస్కాంత క్షేత్రం పెట్టారు. ఇక్కడే ఆగిపోయాను.

డైపోల్ అంటే ఒక ప్లస్, ఒక మైనస్. రెండూ ఒకే వేగంతో వెళ్తున్నాయి. క్షేత్రం అంతటా ఒకేలా ఉంటే ప్లస్ మీద బలం ఒక పక్కకి, మైనస్ మీద అంతే బలం ఇంకో పక్కకి, మొత్తం సున్నా. బలమే లేనప్పుడు ఫేజ్ ఎక్కడి నుంచి వచ్చింది? ఇది మొదటిది. రెండోది ఇంకా ఇబ్బంది పెడుతోంది: డైపోల్ కదలకుండా ఉంటే ఏమీ లేదు, కదిలితేనే ఈ ఎఫెక్ట్, కానీ ఫార్ములాలో వేగమే లేదు! కదలిక కావాలి, ఎంత వేగమన్నది మాత్రం అక్కర్లేదు అంటే ఎలా నమ్మాలి? మూడోది, ఇదంతా స్టార్క్ ఎఫెక్టే, అంటే విద్యుత్ క్షేత్రం వల్ల అణువు (ఆటమ్) శక్తి మారడమే, వేషం మార్చుకుని వచ్చిందేమోనని అనుమానం. దయచేసి ఈక్వేషన్లు చూపించి వదిలేయకండి, అవి నా దగ్గరున్నాయి.

పాతనోట్‌బుక్ జవాబు:

మీ మొదటి ప్రశ్నలోనే సమాధానం సగం ఉంది. ప్లస్, మైనస్ అని విడదీశారు కదా, అలాగే విడదీసి ఉంచండి, కలపకండి.

ప్లస్ చార్జ్ ఒక గీత మీద పోతోంది. దానికి అహరోనోవ్-బోమ్ ఫేజ్ వస్తుంది. మైనస్ చార్జ్ దాని పక్కనే సమాంతరంగా ఇంకో గీత మీద పోతోంది, దానికీ వస్తుంది, గుర్తు మాత్రం వ్యతిరేకం. రెండూ ఒకే గీత మీద పోతే పూర్తిగా కొట్టేసుకునేవి. కానీ వాటి మధ్య కొంచెం ఎడం ఉంది (ఎడం లేకపోతే అది డైపోలే కాదు). ఆ రెండు గీతల మధ్య నేల మీద పరిచిన రిబ్బన్ లాంటి సన్నటి పట్టీ ఒకటి ఏర్పడుతుంది. ఆ పట్టీ గుండా ఎంత మాగ్నెటిక్ ఫ్లక్స్ పోతోందో, దాన్ని చార్జ్‌తో గుణించి హెచ్-బార్‌తో (2πతో భాగించిన ప్లాంక్ స్థిరాంకంతో) భాగిస్తే అదే మీ ఫేజ్. పట్టీ వెడల్పు ప్లస్-మైనస్ ఎడం, పొడవు క్షేత్రంలో ప్రయాణించిన దూరం. చార్జ్ ఇంటూ ఎడం అంటే డైపోల్ మొమెంట్. కాబట్టి డైపోల్ మొమెంట్ ఇంటూ అయస్కాంత క్షేత్రం ఇంటూ పొడవు, బై హెచ్-బార్. అంతే, వేరే ఏమీ లేదు.

వేగం ఎందుకు లేదో కూడా ఇందులోనే కనిపిస్తుంది. పట్టీ వైశాల్యం దాన్ని ఎంత వేగంగా గీశారన్న దాని మీద ఆధారపడదు. మెల్లగా నడిచి గీసినా, పరుగెత్తి గీసినా పట్టీ అదే, దాని గుండా పోయే ఫ్లక్స్ అదే. కదలకుండా నిలబడితే మాత్రం పట్టీ అసలు తయారవదు. ప్రయాణం, డైపోల్, క్షేత్రం మూడు దిశలూ ఒకదానికొకటి లంబంగా ఎందుకుండాలో కూడా బొమ్మ గీస్తే తెలిసిపోతుంది: డైపోల్ ప్రయాణ దిశలోనే పడుకుని ఉంటే ప్లస్, మైనస్ రెండూ ఒకే గీత మీద నడుస్తాయి, పట్టీకి వెడల్పుండదు. క్షేత్రం పట్టీ తలంలోనే ఉంటే పట్టీ గుండా ఏమీ పోదు.

నేను చదువుకునే రోజుల్లో ఈ బొమ్మ ఎవరూ చెప్పలేదు, సొంతంగా గీసుకున్న రోజు చాలా సంతోషంగా అనిపించింది, అందుకే ఇంత వివరంగా రాశాను.

మూడోచలనం జవాబు:

పై బొమ్మ బాగుంది. రెండో ప్రశ్నకి ఇంకో దారి కూడా ఉంది, డైపోల్ ఉన్న అణువు మీద కూర్చుని చూడండి. మీరు అయస్కాంత క్షేత్రంలో వేగంగా పోతుంటే మీకు ఒక అదనపు విద్యుత్ క్షేత్రం కనిపిస్తుంది, దాని విలువ వేగం ఇంటూ అయస్కాంత క్షేత్రం. డైపోల్‌కి ఆ అదనపు క్షేత్రంలో కొంత శక్తి ఉంటుంది, అది వేగానికి అనుపాతం. ఫేజ్ అంటే శక్తి ఇంటూ సమయం బై హెచ్-బార్. వేగం రెట్టింపైతే శక్తి రెట్టింపు, కానీ అదే పొడవు దాటడానికి పట్టే సమయం సగం. వేగం ఎగిరిపోయింది.

మీరు బలాలు కొట్టేసుకుంటాయన్నారు కదా, అక్కడ ఒక చిన్న సవరణ. అణువు మొత్తాన్ని కదిలించే బలం సున్నా, నిజమే. కానీ ప్లస్‌ని ఒక పక్కకి, మైనస్‌ని ఇంకో పక్కకి లాగుతున్నాయంటే ఆ జంటను సాగదీస్తున్నట్టు, లేదా దగ్గరకు నొక్కుతున్నట్టు. శక్తి మారేది అక్కడే. టగ్ ఆఫ్ వార్‌లో తాడు ఎటూ జరగకపోయినా తాడులో బిగువు ఉంటుంది కదా.

ఇంకో మాట, కదిలే డైపోల్‌కి అయస్కాంత గుణం వస్తుందన్న విషయం క్వాంటమ్ మెకానిక్స్ కంటే పాతది. ఎక్స్-కిరణాలకి ముందే, 1888లో, రాంట్‌జెన్ విద్యుత్ క్షేత్రంలో డైఎలక్ట్రిక్ పళ్లెం తిప్పి దాని వల్ల పుట్టిన అయస్కాంత క్షేత్రాన్ని చూపించాడు. మీ లగ్రాంజియన్‌లో (కదలికను నిర్ణయించే గణిత సూత్రంలో) ఆ టర్మ్‌కి ఇప్పటికీ ఆయన పేరే వాడతారు. సెమినార్‌లో అక్కడి నుంచి మొదలుపెడితే బాగుంటుంది.

ఫ్రింజ్‌నీడ:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. పట్టీ బొమ్మ గీశాను, నిజంగానే రెండు నిమిషాల్లో ఫార్ములా వచ్చేసింది. కానీ మూడోచలనం గారు చెప్పిన దారి నా మూడో అనుమానాన్ని పెంచింది. అణువుకి కనిపించే మొత్తం క్షేత్రం = ప్రయోగశాలలో పెట్టిన విద్యుత్ క్షేత్రం + వేగం వల్ల వచ్చింది. స్టార్క్ శక్తిలో ఈ మొత్తాన్ని స్క్వేర్ చేస్తాం. స్క్వేర్ చేస్తే మధ్యలో క్రాస్ టర్మ్ వస్తుంది, రెండు-ఏ-బి లాగా. ఈ ఫేజ్ ఆ క్రాస్ టర్మే కదా? అయితే దీనికి కొత్త పేరెందుకు? రెండోది, ఎవరైనా నిజంగా కొలిచారా, విలువలు ఎంత ఉంటాయి?

లేజర్‌బల్ల జవాబు:

కొలిచారు. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో, లిథియం అణువుల ఇంటర్‌ఫెరోమీటర్‌తో (తరంగాన్ని చీల్చి, మళ్లీ కలిపి ఫేజ్ తేడా కొలిచే పరికరంతో), 2012లో ఫలితం వచ్చింది. నేను ఆ గ్రూపు కాదు, కానీ కొన్నేళ్లు రుబిడియం అణువులతో ఇలాంటి మెషీన్ మీదే పనిచేశాను, అందుకే ఆ పేపర్లు చాలాసార్లు చదివాను. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి, ఎందుకంటే ఈ ప్రయోగంలో అసలు కష్టం ఎక్కడుందో అంకెలు చూస్తేనే తెలుస్తుంది.

లిథియాన్ని కొలిమిలో ఆవిరి చేసి, ఆర్గాన్ గ్యాస్‌తో కలిపి సన్నటి రంధ్రం గుండా వదులుతారు. సెకనుకు సుమారు 1065 మీటర్ల వేగం. ఆ వేగంలో లిథియం అణువు తరంగదైర్ఘ్యం 54 పికోమీటర్లు, అంటే అణువు సైజు కంటే కూడా చిన్నది. 671 నానోమీటర్ల లేజర్ స్థిర తరంగాలు మూడు అడ్డంగా ఉంటాయి: మొదటిది అణు తరంగాన్ని రెండు పాయలుగా చీలుస్తుంది, రెండోది వాటిని మళ్లీ ఒకదాని వైపు ఒకటి మళ్లిస్తుంది, మూడోది కలుపుతుంది, అక్కడ వచ్చే ఎక్కువ-తక్కువల చారలే ఫ్రింజ్‌లు. రెండు పాయల మధ్య గరిష్ఠ దూరం మిల్లీమీటరులో పదో వంతు. ఆ కాస్త సందులో ఒక పల్చటి లోహపు రేకు నిలబెడతారు! రేకుకి అటో కెపాసిటర్, ఇటో కెపాసిటర్, మధ్య రేకు రెండిటికీ ఉమ్మడి. అందువల్ల రెండు పాయల్లో విద్యుత్ క్షేత్రాలు ఎదురెదురు దిశల్లో ఉంటాయి. పైనుంచి కింద దాకా నిలువుగా అయస్కాంత క్షేత్రం.

ఇప్పుడు రౌండ్ ఫిగర్లతో లెక్క. విద్యుత్ క్షేత్రం మీటరుకు 8 లక్షల వోల్టులు, అయస్కాంత క్షేత్రం 14 మిల్లీటెస్లా, కెపాసిటర్ పొడవు 48 మిల్లీమీటర్లు. లిథియం పోలరైజబిలిటీతో (విద్యుత్ క్షేత్రం పెడితే అణువులో ఎంత డైపోల్ పుడుతుందో చెప్పే అంకెతో) గుణిస్తే డైపోల్ మొమెంట్ 2.2 × 10⁻³³ కూలుంబ్-మీటర్లు వస్తుంది. ఒక ఎలక్ట్రాన్ చార్జ్ లెక్కన అంటే ఎడం 13.5 ఫెమ్టోమీటర్లు. లిథియం కేంద్రకం వ్యాసార్థానికి ఐదారు రెట్లు, అంతే. అణువు సైజులో పదివేల వంతు. పాతనోట్‌బుక్ గారి పట్టీ అంటే ఇదీ: పొడవు దాదాపు ఐదు సెంటీమీటర్లు, వెడల్పు 13.5 ఫెమ్టోమీటర్లు. దాని గుండా పోయే ఫ్లక్స్, ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ చార్జ్‌తో భాగిస్తే వచ్చే ఫ్లక్స్‌లో 455వ వంతు. ఒక పాయకి సుమారు 13.8 మిల్లీరేడియన్లు, ఇంకో పాయకి అంతే వ్యతిరేకంగా, తేడా 27 మిల్లీరేడియన్ల పైచిలుకు. ఒక పూర్తి ఫ్రింజ్‌లో 230వ వంతు అనుకోండి.

అదే పరికరంలో మీరన్న స్టార్క్ ఫేజ్ ఎంతో తెలుసా? ఒక్కో పాయలో దాదాపు 370 రేడియన్లు. మిల్లీ కాదు, రేడియన్లు. రెండు పాయల్లో వోల్టేజీలు జాగ్రత్తగా సరిచేసి ఒకదానితో ఒకటి కొట్టేయించి, మిగిలినదాంట్లో ఈ 27 మిల్లీరేడియన్లు వెతకాలి. అణువుకి వేగం వల్ల కనిపించే అదనపు క్షేత్రం మీటరుకు 15 వోల్టులే, పెట్టింది 8 లక్షలు. అందుకే ఇంత చిన్నది.

మీ క్రాస్ టర్మ్ మాటకొస్తే, అవును, బీజగణితం ప్రకారం అదే క్రాస్ టర్మ్. దాచాల్సిందేమీ లేదు. కానీ దాని నడవడిక స్టార్క్ లాంటిది కాదు. స్టార్క్ ఫేజ్ వేగం పెరిగితే తగ్గుతుంది, ఇది మారదు. విద్యుత్ క్షేత్రం దిశ తిప్పితే స్టార్క్ మారదు, ఇది గుర్తు మార్చుకుంటుంది. అణువు వెనక్కి, అంటే ఎదురు దిశలో ప్రయాణిస్తే స్టార్క్ అంతే ఉంటుంది, ఇది మళ్లీ గుర్తు మార్చుకుంటుంది. ఇంత తేడా ఉన్నప్పుడు వేరే పేరు పెట్టడం న్యాయమే.

కొలిచే పద్ధతి కూడా ఈ గుర్తుల మీదే నడుస్తుంది. విద్యుత్ క్షేత్రం ఒక్కటే పెట్టి, అయస్కాంత క్షేత్రం ఒక్కటే పెట్టి, రెండూ పెట్టి, రెండూ తీసేసి ఫ్రింజ్‌లు చూస్తారు. రెండూ కలిసినప్పుడు మాత్రమే వచ్చే అదనపు ఫేజ్ కావాలి. కాగితం మీద ఇది శుభ్రంగా ఉంటుంది, బల్ల మీద కాదు. లిథియం-7 భూస్థాయిలో (అతి తక్కువ శక్తి ఉన్న స్థితిలో) ఎనిమిది ఉపస్థాయిలున్నాయి, అయస్కాంత క్షేత్రంలో ఏ చిన్న వాలు ఉన్నా ఒక్కోటి ఒక్కోలా జరుగుతుంది, ఫ్రింజ్‌ల స్పష్టత పడిపోతుంది, అది స్టార్క్ మిగులుతో కలిసి దొంగ క్రాస్ టర్మ్ ఒకటి పుట్టిస్తుంది. 2013లో వాళ్లు లేజర్‌తో అణువులన్నిటినీ ముందే ఒకే ఉపస్థాయిలోకి తోసేసి మళ్లీ కొలిచారు, వేర్వేరు వేగాలతో కూడా చేసి ఫేజ్ వేగంతో మారట్లేదని చూపించారు. మీ రెండో ప్రశ్నకి ప్రకృతి ఇచ్చిన జవాబు అదే.

మా దగ్గర జరిగింది ఒకటి చెప్తాను. కాయిల్‌లో కరెంట్ పెట్టిన కొన్ని నిమిషాలకి ఫ్రింజ్ మెల్లగా ఒక పక్కకి జరిగేది, తీసేస్తే మెల్లగా వెనక్కి వచ్చేది. మూడు రోజులు అదే అసలు సిగ్నల్ అనుకుని గ్రాఫులు గీశాం. చివరికి చూస్తే కాయిల్ వేడికి, లేజర్‌ని వెనక్కి తిప్పే అద్దం కింద ఆధారం సాగుతోంది. తులూజ్ లాంటి అమరికలో మధ్య అద్దం ముప్పాతిక నానోమీటరు కదిలితే చాలు, 27 మిల్లీరేడియన్లు వచ్చేస్తాయి. అందుకే అక్కడ వాళ్లు చేసిన పని మీద నాకు అంత గౌరవం.

కర్ల్‌సున్నా జవాబు:

అంకెలు చాలా బాగున్నాయి. కానీ ఒక్క విషయంలో హెచ్చరిక: సెమినార్‌లో "ఇది టోపోలాజికల్ ఫేజ్" (దారి ఆకారంతో పనిలేకుండా, దేన్ని చుట్టి వచ్చిందన్న దాని మీదే ఆధారపడేది) అని గబుక్కున అనేయకండి, ఎవరో ఒకరు లేచి అడుగుతారు. అహరోనోవ్-బోమ్‌లో ఎలక్ట్రాన్‌కి క్షేత్రం తగలనే తగలదు. 1986లో టొనోమురా బృందం, క్షేత్రం ఏమైనా తగిలిందేమోనన్న వాదన ముగించడానికే ఉంగరం లాంటి అయస్కాంతాన్ని సూపర్‌కండక్టర్‌తో కప్పేసి, క్షేత్రం బయటికి రాకుండా చేసి కొలిచింది. ఇక్కడ లిథియం అణువు విద్యుత్ క్షేత్రంలోనూ ఉంది, అయస్కాంత క్షేత్రంలోనూ ఉంది, నిలువునా మునిగి ఉంది. రెండూ ఒకే కోవ అనడానికి నాకు మనసొప్పదు.

పాతనోట్‌బుక్:

మనసొప్పకపోవడం అర్థమైంది, కానీ ప్రమాణం క్షేత్రం తగలడం కాదనుకుంటాను. ఫేజ్ దారి ఆకారం మీద ఆధారపడుతుందా లేదా అన్నది చూడాలి.

కర్ల్‌సున్నా:

ఒప్పుకుంటాను, అందుకే పూర్తిగా కాదనలేదు. అయితే 1995లో వెయ్, హాన్, వెయ్ చెప్పిన అమరిక తీసుకుని చూద్దాం, నా లెక్కన మొత్తం వ్యవహారంలో అందమైనది అదే. హీ, మెక్‌కెల్లర్ ఊహించిన దాంట్లో డైపోల్ అయస్కాంత ఏకధ్రువాల గీత చుట్టూ తిరగాలి, అలాంటి ఏకధ్రువం ఇంతవరకు దొరకలేదు. వీళ్లు ఏమన్నారంటే, చార్జ్ ఉన్న తీగ ఒకటి పెట్టండి, తీగ వెంబడి అయస్కాంత క్షేత్రం పెట్టండి, మామూలు అణువుని వదలండి. తీగ విద్యుత్ క్షేత్రమే అణువులో డైపోల్ తయారు చేస్తుంది, ఆ డైపోల్ ఎప్పుడూ తీగ నుంచి బయటికి చూస్తూ ఉంటుంది, దూరం పెరిగే కొద్దీ దూరానికి విలోమంగా తగ్గుతుంది. అయస్కాంత క్షేత్రాన్ని డైపోల్‌తో క్రాస్ చేస్తే వచ్చేది తీగ చుట్టూ తిరిగే వెక్టర్, అదీ దూరానికి విలోమంగా తగ్గుతుంది. ఇది సోలినాయిడ్ బయట ఉండే వెక్టర్ పొటెన్షియల్ రూపమే, అచ్చంగా! చుట్టుకొలత దూరంతో పెరుగుతుంది, వెక్టర్ దూరంతో తగ్గుతుంది, లబ్ధం మారదు. దగ్గరగా చుట్టినా, దూరంగా చుట్టినా, వంకరటింకరగా చుట్టినా ఒకటే ఫేజ్. ఈ భాగం వరకు టోపోలాజికల్ అనొచ్చు. తులూజ్ రేకుని ఆ తీగని సాగదీసి పలక చేసినట్టు ఊహించుకోండి, రేకుకి రెండు పక్కలా క్షేత్రం ఎదురెదురుగా ఉంది కదా.

బలం సంగతి కూడా ఇక్కడే. కెపాసిటర్ అంచుల దగ్గర డైపోల్ పెరుగుతున్నప్పుడు చార్జ్‌లు అడ్డంగా కదులుతాయి, అది ఒక చిన్న కరెంట్, దానిమీద అయస్కాంత క్షేత్రం ప్రయాణ దిశలో ఒక తోపు పెడుతుంది. అదే సమయంలో వేగం వల్ల వచ్చిన శక్తికి ఆ అంచులో వాలు ఉంటుంది, అది అంతే తోపు ఎదురుగా పెడుతుంది. రెండూ సరిగ్గా కొట్టేసుకుంటాయి. కాబట్టి ఈ ఫేజ్ వల్ల అణువు ముందుగానూ రాదు, ఆలస్యంగానూ రాదు. స్టార్క్ భాగం అలా కాదు, అది అణువుని నిజంగానే లాగుతుంది, తీగ వైపు గుంజుతుంది. కాబట్టి "ఈ క్రాస్ టర్మ్ వరకు బలం లేదు" అని చెప్పండి, "అణువు మీద బలం లేదు" అని చెప్పకండి.

లేజర్‌బల్ల:

ఇది చాలా అవసరమైన తేడా. నేనొకటి మర్చిపోయాను. లిథియంకి మాగ్నెటిక్ మొమెంట్ కూడా ఉంది, విద్యుత్ క్షేత్రంలో కదులుతోంది, కాబట్టి అహరోనోవ్-కాషర్ ఫేజ్ కూడా అదే పరికరంలో వస్తుంది. మొమెంట్ ఒక బోర్ మాగ్నెటాన్ (అణువుల మాగ్నెటిక్ మొమెంట్‌ని కొలిచే ప్రమాణం) ఉన్న ఉపస్థాయికి పై అంకెలతో లెక్కేస్తే 75 మిల్లీరేడియన్లు, అంటే మనం వెతికేదాని కంటే పెద్దది! కాకపోతే మొమెంట్ తలకిందులైన ఉపస్థాయికి అది గుర్తు మార్చుకుంటుంది, డైపోల్ ఫేజ్ మార్చుకోదు. రెండు ఉపస్థాయిల్లోనూ కొలిచి కూడితే ఒకటి, తీసేస్తే ఒకటి విడిగా వస్తాయి. ఒకే బల్ల మీద రెండు జంట ఫేజ్‌లు.

ఫ్రింజ్‌నీడ:

రాత్రంతా కూర్చుని లెక్కలు మళ్లీ చేశాను. 13.8 వచ్చింది, 370 దగ్గర నాకు 368 వచ్చింది, 75 కూడా వచ్చింది. తీగ చుట్టూ ఉన్నదాంట్లో దూరం కొట్టుడుపోయి పోలరైజబిలిటీ, తీగ మీద మీటరుకి ఉన్న చార్జ్, అయస్కాంత క్షేత్రం మాత్రమే మిగిలాయి, కింద ఎప్సిలాన్-నాట్ (శూన్యానికి ఉండే విద్యుత్ స్థిరాంకం), హెచ్-బార్. సెమినార్ మొదటి స్లైడ్‌లో పట్టీ బొమ్మ పెడుతున్నాను, కొలతలతో సహా: 48 మిల్లీమీటర్ల పొడవు, 13.5 ఫెమ్టోమీటర్ల వెడల్పు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. కర్ల్‌సున్నా గారూ, ఆ అంచు దగ్గర రెండు తోపులు కొట్టేసుకోవడం నేనే చేసి చూస్తాను, గుర్తు దగ్గర చిక్కుకుంటే రేపు ఇక్కడే అడుగుతాను.